ఆఫీసు గదిలో దాచిన చదువు



"ఎంఏ అయిపోయె, పీహెచ్‌డీ అయిపోయె, ఉద్యోగం కూడా ఉంది. మళ్లీ ఈ ఆన్‌లైన్ డిప్లొమా ఏందక్కా?" ఈ మాట ఈ ఏడాది చాలామంది అడిగారు. కొందరు ప్రేమగా, కొందరు ఎగతాళిగా. ఉద్యమంలో కలిసి నడిచిన ఒక తమ్ముడు మాత్రం సూటిగానే అడిగాడు: "కుర్చీ మీద కన్ను పడిందా అక్కా?"

పడింది. దాచుకోవడానికి ఏమీ లేదు. ఎందుకు పడిందో చెప్పడానికే ఈ వారం వ్యాసం.

నేను చదువుతున్నది విద్యా నాయకత్వం, పరిపాలన. పీజీ తర్వాత చేసే డిప్లొమా. పగలు కాలేజీలో తెలుగు పాఠం చెప్పి, రాత్రి హుజూర్‌నగర్‌లో ఇంటి పని అయ్యాక లాప్‌టాప్ ముందు కూర్చుంటాను. విద్యా సంస్థ ఎలా నడుస్తుంది, నిర్ణయాలు ఎవరు ఎలా తీసుకుంటారు, డబ్బు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుంది, సిబ్బందితో ఎలా పని చేయాలి, ఇవీ పాఠాలు. అసైన్‌మెంట్లు రాయాలి, చివర ఒక ప్రాజెక్టు చేయాలి. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. తెలుగు మీడియంలో చదివిన నాకు మొదటి నెల ఒక్కో పేజీకి అరగంట పట్టింది. ఒక నోట్‌బుక్ పెట్టుకుని మాటలకు తెలుగు రాసుకుంటూ పోయాను. అకౌంటబిలిటీ అంటే జవాబుదారీతనం. డెలిగేషన్ అంటే పని అప్పగించడం. స్టేక్‌హోల్డర్ దగ్గర ఆగిపోయాను. భాగస్వామి అని రాస్తున్నారు గానీ, కాలేజీ నిర్ణయాల్లో మన పిల్లల అమ్మానాన్నలకు ఏ భాగం ఉంది? ఆ మాట ఎదురుగా ఇప్పటికీ ఖాళీగానే వదిలేశాను.

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానికి ఇదెందుకు అంటే, సాహిత్యమే నన్ను ఇక్కడికి తెచ్చింది. కొలకలూరి ఇనాక్ గారి "ఊరబావి" పాఠం చెప్పేటప్పుడు మనం అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? నీళ్లు ఎవరివి, తోడుకునే హక్కు ఎవరిది అని. అదే ప్రశ్న కాలేజీ ఆఫీసు గదిలో ఎందుకు అడగం? అక్కడ హాజరు రిజిస్టర్ ఉంది, స్కాలర్‌షిప్ ఫైలు ఉంది, టైంటేబుల్ ఉంది, నియామకాల రోస్టర్ ఉంది. వాటిని ఎవరు తెరుస్తారు, ఎవరు మూస్తారు? మనం తరగతి గది దాకా వచ్చాం. ఆఫీసు గది ఇంకా చాలా చోట్ల ఊరబావి లాగే ఉంది.

ఒక ఉదాహరణ చెప్తాను. నా ప్రాజెక్టు పిల్లల గైర్హాజరు మీద. స్టాఫ్ రూముల్లో మీరూ వినే ఉంటారు, "వీళ్లకు చదువు మీద శ్రద్ధ లేదండీ, స్కాలర్‌షిప్ కోసం వస్తారు" అనే మాట. శ్రద్ధ లేదనేది అభిప్రాయం. రిజిస్టర్ అనేది కాగితం. కాగితం ఏమంటుందో చూద్దామని ఒక తరగతి హాజరు నెలల వారీగా పరిచి చూశాను. రెండు విషయాలు కనిపించాయి. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలి నాట్లు మొదలైన రోజుల్లో ఆడపిల్లల గైర్హాజరు ఒక్కసారిగా పెరుగుతుంది. రెండోది, కొన్ని ఊళ్ల పిల్లలకు ఏడాది పొడవునా మొదటి పీరియడే పోతుంది. ఎందుకంటే ఆ దారిలో వచ్చే బస్సు మొదటి పీరియడ్ మొదలైన తర్వాతే చేరుతుంది. అంతే. శ్రద్ధ అనే మాటకు అక్కడ చోటే లేదు. ఒకటి కూలి డబ్బుల లెక్క, ఇంకొకటి బస్సు వేళ.

ఇది చిన్న విషయం అనుకోకండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు ఉండాలి. మొదటి పీరియడ్ పోతే హాజరు తగ్గుతుంది. హాజరు తగ్గితే స్కాలర్‌షిప్ ఆగుతుంది. అది ఆగితే ఫీజు బాకీ పడుతుంది. ఫీజు బాకీ ఉంటే చాలా ప్రైవేటు కాలేజీల్లో టీసీ, ఒరిజినల్స్ చేతికి రావు. ఒరిజినల్స్ లేకపోతే పై చదువు లేదు, ఉద్యోగం లేదు. ఒక బస్సు వేళతో మొదలైన గొలుసు ఒక అమ్మాయిని తిరిగి పొలం గట్టు మీదికి పంపిస్తుంది. ఆ గొలుసును తెంపడానికి ధర్నా అక్కర్లేదు. మొదటి పీరియడ్‌ను అరగంట జరిపితే చాలు. కానీ జరిపే అధికారం తెలుగు లెక్చరర్‌కు లేదు. అది ఆఫీసు గదిలో ఉంది.

ఈ స్కాలర్‌షిప్ ఎక్కడి నుంచి వచ్చిందో మనవాళ్లకు తెలియాలి. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అప్పుడు బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడు. అంటే పరిపాలన కుర్చీలో ఉన్నాడు. ఆ కుర్చీలో కూర్చుని పట్టుబట్టి సాధించిన డబ్బుతోనే ఇన్ని తరాలు చదువుకున్నాయి. అంతకంటే ముందు, 1935లో, ఆయన బొంబాయి ప్రభుత్వ లా కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యాడు. తర్వాత 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టాడు, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచాడు. "బోధించు, సమీకరించు, పోరాడు" అని గోడల మీద రాసుకునే మనం, ఆయన కాలేజీలు కట్టాడని, నడిపాడని ఎంతసార్లు మాట్లాడుకున్నాం?

మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ గారు ఉన్నారు. సభలు పెట్టి ఊరుకోలేదు, ఆది హిందూ పిల్లల కోసం బడులు పెట్టి నడిపారు. బడి నడపడం అంటే టీచర్ జీతం, అద్దె, పలకలు, పుస్తకాలు, పిల్లల్ని పంపమని ఇల్లిల్లూ తిరగడం. ఈరోజు నా సిలబస్‌లో దీన్నే "వనరుల సమీకరణ" అంటున్నారు. ఆయన ఏ డిప్లొమా లేకుండా చేశారు. ఇక తెలుగు చదివినవాళ్లకు పరిపాలన ఎందుకు అనేవాళ్లకు ఇనాక్ గారే జవాబు. తెలుగు ఆచార్యుడు, కథకుడు, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పని చేశారు.

ఇక రోస్టర్ సంగతి. యూనివర్సిటీల్లో ఉన్న తమ్ముళ్లకు 13 పాయింట్ల రోస్టర్ గుర్తుండే ఉంటుంది. 2017లో అలహాబాద్ హైకోర్టు తీర్పు తర్వాత, 2018 మార్చి 5న యూజీసీ ఒక ఆదేశం ఇచ్చింది. రిజర్వేషన్‌కు యూనివర్సిటీ మొత్తాన్ని కాకుండా ఒక్కో డిపార్ట్‌మెంటును లెక్కగా తీసుకోమంది. చూడటానికి గుమాస్తా లెక్క. దాని ఫలితం ఏమిటంటే, ఆ వరుసలో ఓబీసీకి నాలుగో పోస్టు, ఎస్సీకి ఏడో పోస్టు, ఎస్టీకి పద్నాలుగో పోస్టు. ఆరు పోస్టులున్న డిపార్ట్‌మెంటులో ఎస్సీకి ఏమీ రాదు. రాజ్యాంగాన్ని ఎవరూ మార్చలేదు. రిజర్వేషన్ రద్దు అని ఎవరూ అనలేదు. లెక్క పెట్టే పద్ధతి మారింది, అంతే. దేశమంతా కదిలింది, 2019 మార్చి 5న భారత్ బంద్ జరిగింది, రెండు రోజుల్లో ఆర్డినెన్స్ వచ్చింది, ఆ తర్వాత చట్టం అయింది. ఆ పోరాటంలో వీధిలో గొంతెత్తినవాళ్లు ఎంత ముఖ్యమో, ఆ ఆదేశం చదివి "ఇందులో మోసం ఇక్కడుంది" అని వేలు పెట్టి చూపించినవాళ్లూ అంతే ముఖ్యం. ఆ రెండో రకం మనుషులు మనలో తక్కువ. నేను అట్లా కావాలనుకుంటున్నాను.

ఇప్పుడు ఈ చదువులో లేనిదాని గురించి చెప్తాను, ఎందుకంటే దీన్ని పొగడటానికి నేను రాయడం లేదు. వందల పేజీలు చదివాను. మాస్లో అవసరాల మెట్లు ఉన్నాయి. మెక్‌గ్రెగర్ ఎక్స్, వై సిద్ధాంతాలున్నాయి. కులం అనే మాట కోసం వెతికితే, రిజర్వేషన్ నియమాల దగ్గర తప్ప ఎక్కడా దొరకలేదు. భారతదేశంలో కాలేజీ నడపడం నేర్పించే పాఠంలో కులం లేదంటే, ఈత నేర్పిస్తూ నీళ్ల గురించి చెప్పనట్టే.

కానీ ఆ పాఠాలు మన అనుభవంతో చదివితే పనికొస్తాయి. మెక్‌గ్రెగర్ 1960లో చెప్పింది ఇది: మనుషులు స్వభావంతోనే బద్ధకస్తులు, బెదిరించి పని చేయించాలి అనుకునే అధికారి ఒక రకం, అది ఎక్స్. అవకాశం ఇస్తే మనుషులు తమంతట తామే పని చేస్తారు అని నమ్మే అధికారి ఇంకొక రకం, అది వై. పుస్తకం ప్రకారం ఒక అధికారి ఎక్స్ అయినా అవుతాడు, వై అయినా అవుతాడు. మన దగ్గర అట్లా కాదు. ఒకే అధికారి ఒకే రోజు రెండూ అవుతాడు. కొందరు పిల్లలు ఆలస్యంగా వస్తే "ఏమైందమ్మా, ఒంట్లో బాగాలేదా" అంటాడు. హాస్టల్ పిల్లలు ఆలస్యంగా వస్తే "తిని పడుకోవడమే మీ పని" అంటాడు. ఎవరికి ఎక్స్, ఎవరికి వై అనేది ఇంటిపేరూ ఊళ్లో వాడా చూసి తేలుతుంది. ఇది నేను అసైన్‌మెంట్‌లో రాశాను. మార్కులు ఎన్ని వస్తాయో చూద్దాం.

నాయకత్వం అనేది మెత్తని మాట. దాని లోపల ఎంత కఠినమైన విషయం ఉందో 2016 జనవరి 17 మనకు చెప్పింది. రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ గురించి రాశాడు. నక్షత్రాల గురించి రాసిన చేతితోనే ఆ బకాయి గురించీ రాయాల్సి వచ్చింది. ఏడు నెలలు ఆగిన డబ్బు అంటే ఏడు నెలలు ముందుకు కదలని కాగితం. అప్పటికే, 2012లోనే, విద్యాసంస్థల్లో సమానత్వం కోసం యూజీసీ నిబంధనలు ఉన్నాయి. సమాన అవకాశాల విభాగం ఉండాలి, వివక్ష ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి అని అందులో ఉంది. మీ కాలేజీలో ఆ అధికారి ఎవరో మీకు తెలుసా? నేను అడిగిన విద్యార్థుల్లో ఎవరికీ తెలియదు.

ఇక ఆ తమ్ముడి భయం సంగతి. కుర్చీ ఎక్కినవాళ్లు మారిపోతారు అంటాడు. నిజమే, మారినవాళ్లను మనం చూశాం. వాడ నుంచి వచ్చి వాడ పిల్లల్నే గద్దించినవాళ్లున్నారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ కుర్చీ ఖాళీగా ఉండదు తమ్ముడూ. మనం కూర్చోకపోతే ఇంకెవరో కూర్చుంటారు, మన పిల్లల ఫైలు వాళ్లే చూస్తారు. కాబట్టి మనం చేయాల్సింది కుర్చీని తిట్టడం కాదు, కూర్చున్న మనిషిని అడిగే పద్ధతి పెట్టుకోవడం. నేను రేపు ఆ కుర్చీలో ఉంటే మీరు నన్ను మూడు అడగండి: స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో ఎన్ని ఆగి ఉన్నాయి, ఎందుకు ఆగాయి? టైంటేబుల్ ఎవరిని అడిగి వేశావు? రోస్టర్ రిజిస్టర్ చూపిస్తావా? జవాబు చెప్పలేకపోతే గేటు ముందు కూర్చోండి. జెండా మీకు నేనే తెచ్చిస్తాను.

చివరగా, ఈ దారిలో రావాలనుకునే విద్యార్థులకు కొన్ని పని మాటలు.

ఈ డిప్లొమా ఉంటే ప్రిన్సిపాల్ అయిపోతారని ఎవరైనా చెప్తే నమ్మకండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్‌కు పీహెచ్‌డీ, పదిహేనేళ్ల అనుభవం, కనీసం పది పరిశోధన వ్యాసాలు కావాలి. డిప్లొమా ఇచ్చేది అర్హత కాదు, ఆఫీసు భాష.

చేరే ముందు ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి ఉందో లేదో వాళ్ల జాబితాలో చూసుకోండి. వాట్సాప్‌లో వచ్చే "ఆరు నెలల్లో డిగ్రీ" ప్రకటనలకు మన పిల్లల డబ్బు చాలా పోతోంది. ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ అంటే అసలు నమ్మకండి, దానికి అనుమతే లేదు. ఇగ్నోలో విద్యా నిర్వహణ, పరిపాలన మీద పీజీ డిప్లొమా ఉంది. బడుల్లో పని చేసేవాళ్లకు ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ పాఠశాల నాయకత్వం మీద కోర్సులు నడుపుతోంది.

దూరవిద్యను తక్కువగా చూడకండి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగు నేల మీదే పుట్టింది. 1991 నుంచి దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇంటర్ చదవనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలోకి వచ్చిన తలుపు అది. కూలికి పోతూ, ఆటో నడుపుతూ, అంగన్‌వాడీలో పని చేస్తూ చదివినవాళ్లు మన వాడల్లో ఎందరున్నారో మీకే తెలుసు.

డబ్బు పెట్టి చేరలేనివాళ్లు ఇవాళే మొదలుపెట్టగలిగే పని ఒకటుంది. మీ కాలేజీలో సమాన అవకాశాల విభాగం ఉందా, దానికి బాధ్యులెవరు, ఈ ఏడాది ఎన్ని స్కాలర్‌షిప్ దరఖాస్తులు పంపారు, ఎన్ని ఆగాయి అని సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రాయండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చిన జవాబు నాకు పంపండి, కలిసి చదువుదాం.

వచ్చే వారం రోస్టర్ రిజిస్టర్ ఎలా చదవాలో రాస్తాను. మీ ప్రశ్నలు ముందే అడగండి.

జై భీమ్.