బండి ఇంజనూ, మా పట్టుగూళ్లూ

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్న పెద్దవాళ్లకు పికప్ బండి కొనే అవసరం వచ్చినట్టు లేదు. వచ్చుంటే ఆ సామెతకు మూడో ముక్క తప్పకుండా చేర్చేవాళ్లు. మా లేపాక్షిలో బండి కొంటున్నారన్న మాట ఒక్కసారి గడప దాటిందా, పాలు పోసే అబ్బాయి నుంచి గుడి ముందు కొబ్బరికాయలమ్మే అవ్వ దాకా అందరూ ఇంజనీర్లే! ఒకరేమో "ఆ ఇంజను ఇనుమమ్మా, ఇనుము!" అంటారు. మర్నాడు ఇంకొకరు వచ్చి "మా బావమరిది అది కొనే అప్పులపాలైనాడు" అంటారు. తీరా ఆరా తీస్తే ఇద్దరూ చెప్పేది ఒకే బండి సంగతి.

మాది రెండెకరాల మల్బరీ తోట. పట్టుపురుగుల పెంపకం ఎట్లాంటి పనో చేసినవాళ్లకే తెలుసు. ఇంచుమించు ఇరవై ఐదు రోజులు, పురుగు పొట్ట నింపడమే ఇంటిల్లిపాదికీ వ్రతం. ఆఖరి వారంలో అవి ఆకు తింటుంటే షెడ్డులో వాన పడుతున్నట్టు చప్పుడు. ఆ తర్వాత చంద్రికల మీద గూళ్లు కట్టేస్తాయి. అక్కడితో మన పని అయిపోయిందనుకోవద్దు. గూటిలో ఉన్నది ప్రాణమున్న పురుగు. ఆలస్యమైతే చిలుకై గూడు తొలుచుకొని బయటికొస్తుంది, అప్పుడు దారం తీయడానికి పనికిరాదు. మూటల్లో ఎక్కువసేపు మగ్గితే వేడెక్కి, చెమ్మగిల్లి, ధర పడిపోతుంది. అందుకే కోసిన గూళ్లను హిందూపురం మార్కెట్టుకో, మంచి ధర ఉందని తెలిస్తే బెంగుళూరు దాటి రామనగరానికో రాత్రికి రాత్రే చేర్చాలి. రామనగరం మాకు 150 కిలోమీటర్ల పైమాటే. ఇన్నాళ్లూ బాడుగ బండి కోసం కాచుకున్నాం. ఇక సొంతంగా కొందామని మావారు, మా అబ్బాయి, మా మరిది ముగ్గురూ తీర్మానించారు. మొదటి కంతుకు నా నాలుగు గాజులు బ్యాంకులో కుదువ పెట్టాలని కూడా వాళ్లే తీర్మానించారు. గాజులు నావి కాబట్టి ఇంజను సంగతి నేనూ తెలుసుకుంటానన్నాను.

మొదట సిలిండర్ల లెక్క చెప్పారు. 2005లో వచ్చిన టాటా ఏస్‌కు రెండే సిలిండర్లట. 'ఛోటా హాథీ' అని ముద్దుపేరు పెట్టుకొని దేశమంతా నెత్తిన పెట్టుకుంది. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్‌కు మూడు. మహీంద్రా బొలెరో పికప్‌కు నాలుగు, అదీ రెండున్నర లీటర్ల ఇంజను. నాకైతే ఇది గ్యాస్ పొయ్యి లెక్కలాగే తోచింది. ఇద్దరున్న ఇంటికి రెండు బర్నర్లు చాలు. పెళ్లివంట చేయాలంటే చాలవు. చిన్న ఇంజనుతో పెద్ద బరువు రోజూ లాగిస్తే అది ఎంత మంచిదైనా ముందే అరిగిపోతుంది. మాకు గూళ్లు తేలికే, కానీ పంట లేనప్పుడు చింతపండు బస్తాలు, ఎరువు మూటలు తోలితేనే కంతు గడిచేది. అందుకని పెద్ద ఇంజనే అన్న దగ్గర రగడ లేకుండా పోయింది.

అసలు రగడ పాతదా, కొత్తదా అన్న దగ్గర మొదలైంది.

మా మరిది పాతబండి పక్షం. "వొదినా, 2020 ముందు బండ్లే బండ్లు. కొత్తవాటికి సైలెన్సరులో ఏదో జల్లెడ పెట్టినారు. అది పూడిపోతే బండి కదలదు. మన మెకానిక్ అన్న స్పానరు పట్టుకొని ఏం చేస్తాడు? కంప్యూటరు పెట్టి చూడాలంట!" అన్నాడు. మా అబ్బాయి కొత్తబండి పక్షం. "చిన్నాయనా, పాతది అమ్మేవాడు ఎందుకమ్ముతాడో ముందు చెప్పు" అన్నాడు. నాకు ఇద్దరి మాటా సబబుగానే తోచింది. అదే వచ్చిన చిక్కు.

ఆ జల్లెడ కథ మా అబ్బాయినే అడిగి చెప్పించుకున్నాను. డీజిలు ఇంజనులో నిప్పు పెట్టే ప్లగ్గు ఉండదట. గాలిని 16, 18 వంతుల దాకా నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. ఆ మంటలో మసి తప్పదు. కట్టెల పొయ్యి మీద గిన్నె అడుగు ఎట్లా ఉంటుందో మనకు తెలియనిదా! ఆ మసి మన ఊపిరితిత్తుల్లోకి పోకూడదని 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బి.ఎస్.-6 నియమం వచ్చింది. డీజిలులో గంధకాన్ని కూడా 50 పాళ్ల నుంచి పదిలక్షలకు 10 పాళ్లకు దించారు. డీజిలు బండ్లకు మసి పట్టే వడపోత వచ్చింది. దాన్నే డి.పి.ఎఫ్. అంటారు. పట్టిన మసిని అది ఆరువందల డిగ్రీల దాపు వేడిలో తనంతట తానే కాల్చేసుకుంటుంది. అయితే ఆ వేడి రావాలంటే బండి ఆగకుండా కొంతసేపు మంచి వేగంతో పోవాలి. ఇంటి నుంచి తోటకు, తోట నుంచి అంగడికి తిప్పుతూ ఉంటే మసి పేరుకుంటుంది. డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. దాన్ని చూసీ చూడనట్టు పోతే బండి నీరసించి నడవనంటుంది.

అంటే తప్పంతా జల్లెడదే కాదు, మనం తిప్పే దారిది కూడా! లేపాక్షి నుంచి హిందూపురం పట్టుమని పదిహేను కిలోమీటర్లు. కానీ మేము పంట పంటకూ కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పెద్దరోడ్డెక్కి బెంగుళూరు వైపు పోయేవాళ్లం. మా దారికి కొత్త ఇంజను సరిపోతుందన్నమాట. అదే ఊళ్లోనే తిరిగే నీళ్ల క్యాన్ల వాళ్లకు నేను ఈ సలహా ఇవ్వను.

అట్లాగని పాతబండిని చూడకుండా కొట్టిపారేయలేదు. మా మరిది తృప్తి కోసం రెండు చూశాం. కుండ కొనేటప్పుడు తట్టి చూడమా? పాత ఇంజనుకూ అట్లాంటి పరీక్షలున్నాయి. చెప్పాపెట్టకుండా తెల్లవారుజామున పోవాలి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉందంటే మనం వచ్చేముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం. చల్లని ఇంజను ఎట్లా లేస్తుందో చూడాలి. పొగ నీలంగా ఉంటే నూనె తాగుతోంది. నల్లగా ఉంటే డీజిలు సరిగా కాలడం లేదు. వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే నీళ్లు లోపలికి పోతున్నాయేమో చూసుకోవాలి. ఆయిల్ మూత తీస్తే అడుగున మీగడలాంటి తెలుపు కనిపించినా అనుమానించాల్సిందే, హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. కుక్కరు గ్యాస్కెట్ పోతే పప్పు ఉడకదు, అంతే. ఈ గ్యాస్కెట్ పోతే పనిపట్టేసరికి వేలకు వేలు. మేము చూసిన మొదటిదాని బానెట్ వెచ్చగా ఉంది. రెండోది బాగానే లేచింది గానీ సర్వీసు కాగితం ఒక్కటీ లేదు.

అప్పుడు నాకు మా ఆడపడుచు సంగతి గుర్తొచ్చింది. వాళ్లూ గూళ్లు పండించేవాళ్లే. ఒక రాత్రి గూళ్ల మూటలతో పోతుంటే పాతబండి పెద్దరోడ్డు మీద నిలిచిపోయింది. మెకానిక్ దొరికేసరికి తెల్లారింది. మార్కెట్టు చేరేసరికి వేలం అయిపోయింది. మర్నాటికి గూళ్లు మెత్తబడి వచ్చినకాడికి ఇచ్చేశారు. ఆమె అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "బండి రిపేరుకు పోయింది తక్కువే వొదినా, నేను రాత్రిళ్లు లేచి ఆకు వేసిన నెల పోయింది."

అందుకే మగవాళ్లను నేను వేరే ప్రశ్న అడిగాను. "ఏ ఇంజను మంచిదని కాదు, రాత్రి రెండు గంటలప్పుడు అది నిలిచిపోతే ఎవరొస్తారు? విడిభాగం ఎక్కడ దొరుకుతుంది?" ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటి నుంచి షోరూముల్లో మాట్లాడే తీరే మారింది. వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, దానిలో ఆ జల్లెడ వస్తుందా, హిందూపురంలో ఎప్పుడూ మనిషి ఉంటాడా, దారిలో ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నీ అడిగి కాగితం మీద రాయించుకున్నాం. పక్కనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. మా పిల్లలు కొందరు అక్కడ పనిచేస్తున్నారు. వాళ్లనూ వదల్లేదు. "పెద్దమ్మా, ఇంజను ఏదైనా నూనె సమయానికి మార్చకపోతే ఒకటే" అన్నాడు ఒకడు. నాకు అన్నిట్లోకీ నచ్చిన మాట అదే.

చివరికి కొత్త పికప్ తెచ్చాం. మా బసవన్న ముందు నిలిపి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేయించాం. ఏకశిలా బసవన్న నాలుగైదు వందల ఏళ్లుగా ఉన్నచోటే ఉన్నాడు, ఆయనకు బ్రేక్‌డౌన్ బాధే లేదని మా మరిది హాస్యం.

ఎనిమిది నెలలైంది. నాలుగు పంటలు రామనగరం వెళ్లాయి. ఒక్కసారి ఆ దీపం వెలిగింది. మా అబ్బాయి ఖాళీబండితోనే పెద్దరోడ్డు మీద అరగంట పోయి వస్తే ఆరిపోయింది. బస్తాలు ఎక్కువ వేద్దామని మా మరిది ఉబలాటపడతాడు గానీ కంపెనీ రాసిన బరువుకు మించి వేయనివ్వను. ఎప్పుడు ఆయిల్ మార్చారో, ఎన్ని కిలోమీటర్లకో, గ్యాస్ బుకింగ్ తేదీలు రాసే పుస్తకంలోనే నేను రాసిపెడుతున్నాను. మగవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. గాజులు ఇంటికి రావాలంటే ఇంకా పదహారు కంతులున్నాయి, ఆ లెక్కా అందులోనే ఉంది.