పైత్యం కాదు, దారి మూసుకుంది



మన ఇళ్ళలో ఎవరికి వాంతి అయినా ఒకటే మాట, పైత్యం. పక్కింటి తమిళవాళ్ళు పిత్తం అంటారు. వైద్యం కూడా ఒకటే: అల్లం రసం, జీలకర్ర నీళ్ళు, మెడికల్ షాపు గ్యాస్ మాత్ర. మా బావగారికి పోయిన ఏడు మూడు నెలలు ఇదే నడిచింది. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయేది. పొద్దున తిన్న ఇడ్లీ సాయంత్రం అరగకుండా అలాగే బయటికి వచ్చేది. మనిషి 8 కిలోలు తగ్గిపోయారు.

డాక్టరుగారు మా అక్కయ్యను అడిగింది ఒక్కటే: "వాంతిలో పసుపుగానీ పచ్చగానీ ఉంటోందా?" లేదంది. పిత్తం వచ్చి కలిసేది జీర్ణాశయం దాటాక, చిన్నపేగు మొదట్లో. అడ్డు అంతకు ముందే ఉంటే పిత్తం పైకి రాలేదు. మనం పైత్యం అన్నదాంట్లో పైత్యమే లేదన్నమాట!

రైల్వేలో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు ఇలా అర్థమైంది. ముందు స్టేషన్ లైన్ క్లియర్ ఇవ్వకపోతే బండి వెనకే నిలబడుతుంది. జీర్ణాశయం చివర పైలోరస్ అని సన్నని ద్వారం ఉంది. అక్కడ పుండు లేచి, మాని, మళ్ళీ లేస్తూ ఉంటే మచ్చకట్టి దారి బిగుసుకుంటుంది. పుండుకు ముఖ్య కారణాలు రెండు: హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమి, నొప్పి మాత్రలు. ఆ క్రిమిని కనిపెట్టినందుకే బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు. క్యాన్సర్ కూడా ఆ ద్వారాన్ని మూసేస్తుంది.

ముక్కులోంచి గొట్టం వేసి కడుపు ఖాళీ చేశారు. వాంతులతో పోయిన ఉప్పు, పొటాషియం సెలైన్‌లో ఎక్కించారు. ఎండోస్కోపీ చేసి చిన్న ముక్క పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా అక్కయ్యకు ముద్ద దిగలేదు. పుండు మచ్చేనని తేలింది. బెలూన్‌తో దారి వెడల్పు చేశారు, క్రిమికి మందులిచ్చారు, మోకాళ్ళ నొప్పి మాత్ర మానిపించారు. బెలూన్‌తో కుదరనివాళ్ళకు ఆపరేషన్ చేసి, జీర్ణాశయాన్ని చిన్నపేగుకు వేరే దారిలో కలుపుతారు.

రిపోర్టు మరోలా వచ్చి ఉంటే, ఆ మూడు నెలలు ఎవరు తిరిగి ఇస్తారు?

గంటల కిందట తిన్నది అలాగే వాంతి కావడం, కాస్త తినగానే కడుపు నిండడం, బరువు తగ్గడం. ఇవి కనిపిస్తే అల్లం రసం పక్కనపెట్టి కడుపు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పెద్దవాళ్ళు తమంతట తాము చెప్పరు. నోరు కడుక్కుని "ఏం లేదు, పైత్యం" అంటారు. ఏం వచ్చింది, ఏ రంగులో వచ్చింది అని మీరే అడగండి.