సున్నంలో నీలిమందు, డాలస్‌లో బూడిదరంగు

డాలస్ చుట్టుపక్కల కొత్త ఇంటికి మారిన మనవాళ్ల మాటల్లో రెండు పేర్లు తరచూ వినపడతాయి: షెర్విన్ విలియమ్స్ వాళ్ల అగ్రీయబుల్ గ్రే, రిపోజ్ గ్రే. పడ్డ వెలుతురులో గోడ ఎంత తిప్పి ఇస్తుందో చెప్పే అంకె మొదటిదానికి 60, రెండోదానికి 58. రెండు పాళ్ల తేడాకు ఇంత పంచాయితీ ఎందుకని మా ఆవిడ.

పేచీ ఆ అంకెలో లేదు, అడుగున ఉన్న చాయలో ఉంది. మొదటిదానిలో లేత గోధుమ, రెండోదానిలో కాస్త నీలి, ఊదా. నా ఆఫీసు గదికి కిటికీ ఉత్తరాన. ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాదంతా దక్షిణానే ఉంటాడు గనక ఆ గదిలోకి ఆకాశపు నీలి వెలుతురే ఎక్కువ. రిపోజ్ గ్రే పూసిన అట్టను ఫోన్‌లో చూసి అమ్మ అడిగింది: "ఇదేంది బిడ్డా, గిలాబు ఇంకా ఆరలేదా?"

ఆమె తుంగతుర్తిలో పండుగ ముందు సున్నం వేయించిన మనిషి. సున్నపురాయికి మా సూర్యాపేట జిల్లాలో కొదవ లేదు. మెళ్ళచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు అందుకే వచ్చాయి. గడ్డసున్నం మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడికేది, పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. చల్లారాక వడగట్టి, బట్టలకు అంటకుండా బంక కలిపి, చివర నీలిమందు. దానికి కొలత లేదు, చేతి అలవాటే. వేసినప్పుడు మసకగా ఉన్న గోడ ఆరేకొద్దీ తెల్లబడేది. అడుగున జాజు పట్టీ.

ఒట్టి సున్నం కాస్త పసుపు కొడుతుంది. దానిమీద ఎర్రచెల్క నుంచి లేచే ఎండ ఇంకొంత పులుముతుంది. నీలిమందు ఆ పసుపును అణచడానికి. ఇక్కడ నా గదిలో వెలుతురే నీలం, దాన్ని అణచడానికి గోధుమ చాయ కావాలి. ఇది చెప్తే అమ్మ, "మరి గింత ఆలోచనెందుకు?" అంది.

రంగును చిన్న చీటీ చూసి తేల్చుకోవద్దు. పెద్ద అట్టకు రెండు పూతలు వేసి, పాత రంగు కంటిని మోసం చేయకుండా చుట్టూ తెల్ల అంచు వదిలి, పొద్దున, సాయంత్రం, రాత్రి గోడగోడకూ మార్చి చూడాలి. 2700 కెల్విన్ బల్బు కింద అగ్రీయబుల్ గ్రే గోధుమలోకి జారుతుంది. 4000 దగ్గర తేరుకుంటుంది.

ఆఫీసు గదికి అదే వేశాం. హాలుకు దక్షిణపు ఎండ దండిగా ఉంది కాబట్టి అక్కడ రిపోజ్ గ్రే. ఇల్లంతా ఒకటే రంగుంటే అమ్మకం సులువని ఏజెంట్లు అంటారు. ఆ కొనేవాడు వచ్చినప్పుడు చూద్దాం.