బండి తీగెలు - గృహిణి యెరుక

వంటయింటి నిప్పును గూర్చి మనకెవ్వరును బోధింప నక్కరలేదు. పొయ్యి యార్పక నిద్రించు గృహిణి లేదు. గ్యాసు వాసన సోకిన తోడనే కిటికీలు తెరచుట మనకు వెన్నతో బెట్టిన విద్య. కాని యింటి ముంగిట నిలిచియుండు సరుకు బండిలో గూడ నట్టి నిప్పే దాగియున్నదని మనలో ననేకులు తలంపరు. "అది మగవారి వ్యవహారము" అని యూరకుండుట మన కలవాటు. ఆ బండి మీదనే కుటుంబ జీవనము నడచుచుండగా, దాని ఋణపు వాయిదాలు మన కొంగు ముడి నుండియే పోవుచుండగా, దానిలో మన భర్తలును బిడ్డలును తెల్లవారక మునుపే ప్రయాణము సేయుచుండగా, అది మనకు పరాయి వ్యవహార మెట్లగును?

మేము నివసించునది హైదరాబాదు నగరమునకు తూర్పున నున్న చంపాపేట. ఐ.ఎస్. సదనము నుండి మా పేట మీదుగా కర్మన్‌ఘాటు దాటి నాగార్జునసాగరు వైపునకు రహదారి సాగును. మా వీధులలో సాయంకాలమున నిలిచియుండు బండ్లను లెక్కించినచో సగము సరుకు బండ్లే కనబడును. 2005 లో వెలువడి జనుల నోట "చోటా హాథీ" యను ముద్దుపేరు బడసిన టాటా ఏస్‌లు కొన్ని, బొలెరో పికప్పులు కొన్ని, దోస్తు బండ్లు కొన్ని. కూరగాయలు, పండ్లు, టెంటు సామానులు, మంచినీళ్ల డబ్బాలు - వీనినన్నిటిని మోయునవి ఆ బండ్లే.

2021 వ సంవత్సరమున కొత్తపేటలోని పండ్ల మార్కెట్టు బాటసింగారమునకు తరలింపబడెను. అంతవరకు మా పేట వ్యాపారులకు మార్కెట్టు చేరువలోనే యుండెడిది. పిమ్మట ఎల్.బి. నగరు, హయత్‌నగరు, అబ్దుల్లాపురము మెట్టు దాటి విజయవాడ రహదారి మీద చీకటిలో పోవలసి వచ్చెను. చీకటి ప్రయాణమున్న చోట వెలుతురు కోరిక పుట్టుట సహజము. బండితో వచ్చిన దీపములు చాలవని ఫోకస్ లైట్లు, దూరమునుండి వినబడుటకు ప్రెషర్ హారను, ఉక్కకు చిన్న ఫ్యాను, నిద్ర రాకుండుటకు పాటల పెట్టె, ఫోనునకు ఛార్జరు - ఇట్లొకదాని వెంట నొకటి బండిలోనికి వచ్చి చేరును. డెకార్ దుకాణమున అరగంటలో నమర్చి పంపుదురు. ఖర్చు స్వల్పము. శోభ యధికము. అపాయము మాత్రము కంటికి గానరాదు.

మా వీధిలో మేము వదినా యని పిలుచుకొను నొక యిల్లాలు కలదు. ఆమె భర్త బత్తాయిల వ్యాపారి. వారి బండికి రెండు పెద్ద లైట్లు నమర్చిన పనివాడు బ్యాటరీ నుండి తీగెను సరాసరి లాగి, ఇంజను వెనుకనున్న రేకు రంధ్రము గుండ లోపలికి దెచ్చి, మీటకు కలిపి పోయెను. ఫ్యూజు లేదు. రంధ్రమున రబ్బరు కట్టు లేదు. కొన్ని నెలలు దీపములు చక్కగనే వెలిగినవి. ఒకనాటి వేకువజామున హయత్‌నగరు దాటిన పిమ్మట మీటల క్రిందినుండి పొగ లేచెను. పండ్రెండేండ్ల కుమారుడు తండ్రి ప్రక్కనే నిద్రించుచుండెను. తండ్రి బండి నాపి, బాలుని బయటకు లాగి, పానాతో బ్యాటరీ తీగె నూడదీసెను గనుక ప్రాణములు దక్కినవి. బండి మూడు వారములు మూలబడెను. ఆ మూడు వారములును అప్పు వాయిదా మాత్ర మాగలేదు.

ఆమె మాతో నన్న మాట మరువరానిది. "వదినా, లైట్లు పెట్టునపుడు నేను దుకాణములోనే కూర్చుండియుంటిని. ఏమి యడుగవలెనో తెలిసియున్న నడిగియుందును గదా!" ఈ వ్యాసము ఆ ప్రశ్నకొరకే వ్రాయుచున్నాము.

మొదట నొక భ్రమను దొలగింపవలెను. ఇంటిలోని విద్యుత్తు 230 వోల్టులు. బండి బ్యాటరీ 12 వోల్టులు మాత్రమే. తాకిన షాకు కొట్టదు గనుక దానివలన భయము లేదని పలువురు తలంతురు. షాకు కొట్టకపోవుట నిజమే. కాని నిప్పు పుట్టించునది వోల్టులు గాదు, తీగెలో ప్రవహించు ఆంపియరులు. అరువది వాట్ల దీపమునకు ఇంటిలో ఆంపియరులో నాలుగవ వంతు చాలును. అదే దీపము బండిలో వెలుగవలెనన్న 5 ఆంపియరులు కావలయును. 55 వాట్ల దీపములు రెండు పెట్టినచో 9 ఆంపియరులకు పైబడును. ప్రవాహము రెట్టింపైనచో తీగెలో పుట్టు వేడి నాలుగు రెట్లగును. పది మంది త్రాగు నీటిని సన్నని గొట్టము గుండ తెప్పించినచో ధార తగ్గును గాని గొట్టమునకు హాని లేదు. సన్నని తీగెలో పెద్ద ప్రవాహము పోనిచ్చినచో తీగెయే కాలును.

మిక్సీని బండిలో నడపగోరు టిఫిను వ్యాపారులు దీనిని మరింత గమనింపవలెను. 500 వాట్ల మిక్సీని ఇన్వర్టరు ద్వారా నడిపినచో బ్యాటరీ నుండి 40 ఆంపియరులకు మించి లాగును. ఇన్వర్టరులో వ్యర్థమగునది కూడ కలిపిన 50 కి చేరవచ్చును. ఛార్జరు కొరకు పెట్టిన తీగె యంతటి భారమును మోయజాలదు. అట్టి సాధనమునకు బ్యాటరీ నుండి వ్రేలంత లావు తీగె, దానికి దగిన ప్రత్యేకమైన ఫ్యూజు నుండితీరవలెను.

ఇక నడుగవలసిన ప్రశ్నలు.

మొదటిది: ఫ్యూజు ఎక్కడ? ఫ్యూజు దీపమును రక్షించుటకు గాదు, తీగెను రక్షించుటకు. ప్రవాహము మితిమీరిన నది తాను కరగి త్రోవను తెంచును. ఇంటి దొడ్డివాకిటి కావలివాడు వాకిటనే యుండవలెను గాని వంటయింటిలో నుండిన నేమి లాభము? అట్లే ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరములోపలనే యుండవలెను. బ్యాటరీకిని ఫ్యూజునకును నడుమ నున్న తీగెకు రక్షణ లేదు గనుక ఆ భాగ మెంత పొట్టిగ నున్న నంత మేలు. పై లెక్కలోని 9 ఆంపియరుల దీపములకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగెయు, 15 ఆంపియరుల ఫ్యూజును సరిపోవును. బండి ఫ్యూజులకు రంగులు గలవు: 10 ఎరుపు, 15 నీలము, 20 పసుపు, 30 ఆకుపచ్చ. రంగును జూచి గుర్తించుట మనకు చీరల రంగు గుర్తించుటకంటె కష్టము గాదు. నీలము పోయిన చోట ఆకుపచ్చ పెట్టినను, సిగరెట్టు పెట్టెలోని రేకు చుట్టి పెట్టినను, కావలివానిని కట్టివేసి దొంగను పిలిచినట్లే.

రెండవది: రిలే పెట్టితిరా? రిలే యనగా నొక చిన్న పెట్టె. మీట నొక్కినపుడు దానిలోని చుట్టలో నల్ప ప్రవాహము పోయి అయస్కాంతమగును. ఆ అయస్కాంతము లోపలి యినుప రేకును లాగి పెద్ద ప్రవాహమునకు త్రోవ నిచ్చును. అందువలన లావు తీగె ఇంజను ప్రక్కనే యుండి, మీట వరకు సన్నని తీగె మాత్రము వచ్చును. చేతిక్రింది మీట వేడెక్కదు. ఆ మీట తీగెను తాళపుచెవి త్రిప్పినపుడే విద్యుత్తు వచ్చు చోట గలిపినచో, బండి నాపినపుడు దీపము తానే యారును. లేనిచో రాత్రి మరచిన దీపము బ్యాటరీని త్రాగివేయును. తెల్లవారుజామున మూడు గంటలకు బండి కదలదు.

మూడవది: తీగె యే దారిని బోవుచున్నది? రేకు రంధ్రము గుండ బోవు ప్రతి చోటను రబ్బరు కట్టు వేయవలెను. బండి యదురునపుడు రేకు అంచు కత్తివలె తీగె తొడుగును కోయును. రాగి బయటపడి రేకును దాకిన క్షణమున బ్యాటరీ వందల ఆంపియరులను క్రుమ్మరించును. పొగగొట్టము దరిని, కదలెడు భాగముల చెంతను తీగె పోరాదు. ముడతల గొట్టపు తొడుగు వేసి, జానకొక చోట కట్టవలెను.

నాలుగవది: అతుకు లెట్లు వేసితిరి? రెండు తీగెలు మెలిపెట్టి నల్లటేపు చుట్టుట మన యెండలకు నిలువదు. మే మాసపు వేడికి టేపు జిగురు కరగి జారును. బండి యదురునకు మెలిక వదులగును. వదులైన అతుకు వేడెక్కును. నొక్కి బిగించు లోహపు తొడుగు వేసి, దానిపై వేడికి ముడుచుకొను గొట్టము నెక్కించుట మేలైన పద్ధతి. బండితో వచ్చిన తీగెలను గీరి వాని నుండి ప్రవాహమును దొంగిలింపనీయరాదు. నేటి బండ్లలో నాతీగెలు సూక్ష్మమైన యంత్రములకు వార్తలు మోయుచుండును. ఎర్తు తీగెను రంగు మీద గాక, రంగు గీకిన శుభ్రమైన లోహము మీద బిగింపవలెను.

ఈ విషయములు ఆడువారి కెందుకని యెవరైన నవ్వినచో బెర్తా బెంజి కథ చెప్పుడు. 1888 ఆగస్టులో నామె తన యిద్దరు కుమారులతో, భర్త నిర్మించిన మోటారు బండిలో, జర్మనీదేశపు మాన్‌హైము నుండి ఫోర్ట్స్‌హైమునకు బయలుదేరెను. ఆ దూరము నూరు కిలోమీటర్లకు మించును. లోకమున నంతటి దూరము మోటారులో బోయిన మొదటి వ్యక్తి యామెయే. దారిలో నిప్పురవ్వ పుట్టించు తీగె తొడుగు అరిగిపోగా తన మేజోడు పట్టీతో దానికి తొడుగు వేసెనని చెప్పుదురు. మోటారు బండి తీగెను జూచుకొనుట స్త్రీకి క్రొత్త పని గాదు, మొదటి నాటి పనియే.

అయితే మన కొక ప్రత్యేకమైన హెచ్చరిక. బ్యాటరీ దగ్గర చేయి పెట్టునపుడు గాజులు, ఉంగరములు, వ్రేలాడు మంగళసూత్రము ఉండరాదు. బంగారము విద్యుత్తుకు మంచి వాహకము. కంకణము బ్యాటరీ కొనను, ప్రక్కనున్న లోహమును ఒకేసారి తాకినచో క్షణములో నెఱ్ఱగ గాగి చేతికి గాఢమైన కాలుడు గాయము చేయును. గాజులు తీయుట యమంగళమని తలంపవలదు. చేయి దక్కుటయే మంగళము. బ్యాటరీ విప్పునపుడు మొదట మైనస్ తీగెను విప్పవలెను, బిగించునపుడు దానిని కడపట బిగింపవలెను. అట్లు చేసినచో పానా బండి శరీరమును దాకినను రవ్వలు లేవవు. ఛార్జి యగుచున్న బ్యాటరీ నుండి మండెడు వాయువు వెలువడును గనుక దాని చెంత అగ్గిపుల్ల గీయరాదు.

చట్టమును గూడ నెరుగుట మేలు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52 వ విభాగము బండి స్వరూపమును అనుమతి లేక మార్చుటను నిషేధించుచున్నది. 2019 సవరణము ననుసరించి యట్టి మార్పునకు యజమానికి ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జుల్మానా గాని, ఆరు నెలల వరకు కారాగారము గాని, రెండును గాని విధింపవచ్చును. పలు స్వరముల హారను, కర్ణకఠోరమైన హారను 1989 నాటి నిబంధనలచే నిషిద్ధము. అన్నిటికంటె మిన్నగ, ఎదుటి బండివాని కన్నులను మిరుమిట్లు గొలుపు దీపము మనకు వెలుగైనను వానికి చీకటియే. వానికిని ఇంట నెదురుచూచు ఇల్లాలు కలదు. కావున ఫోకస్ లైట్లు పెట్టుటకు మునుపు బండి కంపెనీ వర్కుషాపులో నేది యనుమతింపబడినదో విచారించి, వారి సామగ్రితోనే యమర్చుకొనుట శ్రేయస్కరము. ఇష్టము వచ్చినట్లు తీగెలు కోసిన బండికి గ్యారంటీ చెల్లదనుటయు సామాన్యము. పాత దీపపు గాజు మాసియుండిన శుభ్రపరచి, వాలు సరిచేయించినచో క్రొత్త లైట్ల అవసరమే లేకపోవచ్చును.

ఒకవేళ పొగ కనబడినచో బండి నాపి, తాళపుచెవి త్రిప్పి, అందరును దిగి దూరముగ బోవలెను. మంట లేనిచోనే బ్యాటరీ మైనస్ తీగెను విప్ప జూడవలెను. మంట కనబడినచో ముందుమూత పూర్తిగ నెత్తరాదు, గాలి తగిలి మంట పెరుగును. నీళ్లు చల్లరాదు. పొడితో నార్పు చిన్న సిలిండరు సీటు చెంత నుంచుకొనిన మేలు. 101 కి ఫోను చేయవలెను. సరుకు పోయిన మరల గొనవచ్చును.

సోదరీమణులారా, మన వదిన యడుగలేకపోయిన నాలుగు ప్రశ్నలను మీ గోడ క్యాలెండరు మీద వ్రాసికొనుడు: ఫ్యూజు ఎక్కడ? రిలే ఉన్నదా? తీగె దారి యేది? అతుకు లెట్టివి? బండి దుకాణమునకు బోవునపుడు భర్త చేతనో కుమారుని చేతనో ఆ చీటి నుంచుడు, వీలైన మీరే వెంట బొండు. నేర్పరియైన పనివాడు ఈ ప్రశ్నలకు కోపింపడు, సంతోషముతో జూపును. విసుగుకొను వాని చేతికి బండి నప్పగింపకుడు. నూరో యిన్నూరో యెక్కువ యడిగినను ఫ్యూజునకును, రిలేకును, మంచి తీగెకును వెనుదీయకుడు. ఉప్పు పప్పులలో మిగుల్చుకొనవచ్చును గాని బిడ్డ నిద్రించు చోట మిగుల్చుకొనరాదు.