నలుపు తెలుపుల నడుమ 21 మెట్లు

రంగుల ఛాయాచిత్రాన్ని ముద్రించే యంత్రమే నలుపు తెలుపు చిత్రాన్నీ ముద్రిస్తుంది గాని, ఈ రెండు పనులు కోరే నేర్పు ఒకటి కాదు. రంగుల చిత్రంలో ఆకుపచ్చ కాస్త పసుపు వైపు జరిగినా చూసేవారు చెట్టును చెట్టుగానే గుర్తించి ఊరుకుంటారు. నలుపు తెలుపు చిత్రంలో బూడిదరంగు రవ్వంత ఆకుపచ్చకో ఊదాకో మళ్లితే, కారణం చెప్పలేకపోయినా, ఏదో తేడా ఉందని అంటారు. ప్రదర్శనలకు ప్రింట్లు తీసే, పాత కుటుంబ చిత్రాలను తిరిగి ముద్రించే హైదరాబాదులోని ఒక చిన్న ముద్రణశాలను సందర్శించినవారికి, అక్కడి శ్రమలో పెద్ద వంతు ఈ మళ్లింపును అరికట్టడానికే పోతోందని త్వరలోనే అర్థమవుతుంది.

గది గోడలకు వేసిన రంగు కూడా బూడిదే. పగటి వెలుగు పూటకొక ఛాయలో లోపలికి రాకుండా కిటికీకి మందపాటి తెర కట్టి, ప్రింట్లను పరిశీలించే బల్ల మీద 5000 కెల్విన్ దీపాన్ని, అంటే ముద్రణారంగం ప్రమాణంగా అంగీకరించిన వెలుగునిచ్చే దీపాన్ని అమర్చారు. 17 అంగుళాల వెడల్పు కాగితం పట్టే ఎప్సన్ పీ800 ప్రింటర్ పక్కనే గాలిలో తేమను చూపే మీటరూ, వేసవిలో ఆ తేమ 40 శాతానికి తగ్గకుండా చూసే యంత్రమూ ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో దక్కను గాలి పొడిబారినప్పుడు, వెంట్రుక కంటే సన్నని నాజిళ్ల కొనల దగ్గర ఇంకు గట్టిపడడం ఇక్కడి ప్రింటర్ల యజమానులందరికీ తెలిసిన బాధే. అందువల్ల ఉదయం రాగానే చేసే మొదటి పని నాజిల్ చెక్. ప్రతి నాజిలూ ఒక చిన్న గీత గీసే ఆ నమూనాలో లేత బూడిద ఇంకు గీత ఒక్కటి తెగినా, హెడ్ క్లీనింగ్ చేసి అది మళ్లీ వచ్చేదాకా ఆకాశం ఉన్న చిత్రం ఏదీ చేపట్టరు. రంగుల చిత్రంలో ఆ లోటును పక్క ఇంకులు చాలావరకు కప్పేస్తాయి. నలుపు తెలుపులో అది మబ్బుల మీదుగా పోయే తెల్లని చారగా బయటపడుతుంది.

ఈ లేత బూడిద ఇంకులు రావడానికి వెనుక ఒక కారణం ఉంది. సయాన్, మజెంటా, పసుపు ఇంకులను తగుపాళ్లలో కలిపితే బూడిద వస్తుంది, కాని అది దీపాన్ని బట్టి మారిపోయే బూడిద: ట్యూబులైటు కింద సరిగ్గా ఉన్న ప్రింటు కిటికీ దగ్గరకు తీసుకెళ్లేసరికి మరో ఛాయలో కనిపిస్తుంది. మెటామెరిజం అని వ్యవహరించే ఈ దోషం, ఒకే ఒక్క లేత నలుపు ఇంకుతో 2002లో వచ్చిన ఎప్సన్ 2200 వంటి ప్రింటర్లను బాగా ఇబ్బంది పెట్టింది. 2005లో వచ్చిన కే3 ఇంకుల వరుసలో ముదురు నలుపుతోపాటు లైట్ బ్లాక్, లైట్ లైట్ బ్లాక్ అనే రెండు లేత నలుపులు చేరడంతో, చిత్రంలోని బూడిదను చాలావరకు నలుపులతోనే కట్టి, రంగు ఇంకులను ఛాయ సరిదిద్దేంత మేరకే వాడే వీలు కలిగింది. ఆ ప్రింటర్లలోని అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ పద్ధతి ఆధారపడేది దీని మీదే.

నల్ల ఇంకులోని వర్ణకం కార్బన్, అంటే శుద్ధిచేసిన మసి. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరాలకు మసి పట్టించి చదువుకున్న దేశంలో ఈ పదార్థం మన్నికను గురించి ఎవరికీ నచ్చజెప్పవలసిన పని లేదు. చిక్కల్లా కార్బన్‌కు సహజంగా కాస్త గోధుమ జీర ఉండడమే; దాన్ని చంపి తటస్థమైన బూడిద తేవాలంటే కొంత రంగు ఇంకు తప్పదు, ఆ రంగు ఇంకు కార్బన్ కంటే ముందుగా వెలుస్తుంది. కాబట్టి ఎంత తక్కువ రంగుతో తటస్థతను సాధిస్తే ప్రింటు అంత ఎక్కువ కాలం మారకుండా ఉంటుంది.

మంచి ఇంకులు ఉంటే చాలదు, అవి కాగితం మీద ఎలా పడతాయో కూడా తెలియాలి; అది చెప్పేది ప్రొఫైల్. ప్రొఫైల్ అన్నది, ఒక ప్రింటర్, ఒక ఇంకుల వరుస, ఒక కాగితం కలిసినప్పుడు ఏ సంఖ్యకు ఏ రంగు వస్తుందో కొలిచి నమోదు చేసిన పట్టిక. దాని రూపాన్ని 1993లో ఏర్పడిన ఐసీసీ అనే అంతర్జాతీయ సంఘం స్థిరపరచింది. రంగుల ప్రొఫైల్ కోసం వందల చదరాలను ముద్రించి కొలుస్తారు. నలుపు తెలుపులో అడగవలసిన ప్రశ్న వేరు: తెల్ల కాగితం నుంచి గాఢమైన నలుపు దాకా దిగే మెట్లు సమానంగా ఉన్నాయా, లేక కొన్ని ఒకదానిలో ఒకటి కలిసిపోయాయా? అందుకు రాయ్ హారింగ్టన్ రూపొందించిన క్వాడ్‌టోన్‌రిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో, ఐదేసి శాతం తేడాతో 21 పట్టీలు ముద్రించి, ఆరనిచ్చి, స్పెక్ట్రోఫోటోమీటర్‌తో ఒక్కొక్కదాని కాంతిస్థాయిని చదువుతారు. ఈ కొలతలో సున్నా పరిపూర్ణమైన నలుపు, 100 పరిపూర్ణమైన తెలుపు. కాగితపు తెలుపు 97, అది చేరగలిగిన నలుపు 17 అయితే నడిమి పట్టీ 57 దగ్గర ఉండాలి. సందర్శన రోజున కొలిచిన పట్టీ 51 చూపింది, అంటే నడిమి ఛాయలన్నీ ముదురుగా కుంగిపోయాయి. ఆ అంకెలను సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే అది ప్రతి ఇంకు వంపునూ, అంటే ఏ ఛాయకు ఎంత ఇంకు పడాలో చెప్పే గీతనూ, సవరిస్తుంది.

సవరణ ఫలితం అంకెల్లో కంటే చెరువులో దిగిన గేదె చిత్రంలో బాగా తెలిసింది. మొదటి ప్రింటులో గేదె డొక్కా, దాని నీడ పడిన నీళ్లూ ఒకే నల్లని ముద్దగా ఉండగా, రెండోదాంట్లో తడి చర్మం మీది ముడతలు, పక్కటెముకల వరుస, నీటి అంచు వేటికవి విడివడ్డాయి. ఇంకు ఎక్కువ పోస్తే నలుపు గాఢమవుతుందనుకోవడం పొరపాటే. మెరుపులేని మ్యాట్ కాగితం ఒక పరిమితి దాటి ఇంకును పీల్చినప్పుడు నలుపు పెరగకపోగా వెలవెలబోతుంది. అందుకే పట్టీలు ముద్రించడానికి ముందే ప్రతి ఇంకుకూ పరిమితి కడతారు. “బ్లాక్ ఇంకొంచెం పెంచండి సార్” అని అడిగే ఫొటోగ్రాఫర్లకు ఈ సంగతి వివరించడమే తమకు కష్టమైన పని అంటారు యజమాని. వారి మానిటర్లు మరీ ప్రకాశంగా ఉండడం వల్ల ప్రింటు ముదురుగా తోస్తుందన్నది అసలు సంగతి.

మెరుపులేని పత్తి కాగితం మీద నలుపు సాంద్రత, అంటే దాని గాఢతను తెలిపే కొలత, 1.6 నుంచి 1.7 దాకా వస్తే, మెరుపున్న బెరైటా కాగితం మీద 2.2 దాటుతుంది. అంత మాత్రాన రెండోదే గొప్పదనలేం. గోడ మీద దీపపు మెరుపు పడని మ్యాట్ ప్రింటు చాలాసార్లు లోతుగా కనిపిస్తుంది. అయితే ఈ రెండింటికీ వేర్వేరు నల్ల ఇంకులు కావాలి, పీ800లో రెండూ ఒకే దారిలో వెళ్లడంతో కాగితం మార్చినప్పుడల్లా కొంత ఇంకు వృథా అవుతుంది. మ్యాట్ పనులన్నీ ఒక వారం, బెరైటా పనులన్నీ మరో వారం పెట్టుకోవడం అందుకే.

పాత చిత్రాల విషయంలో తటస్థత కూడా ప్రశ్నార్థకమే. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ కాలంలో ప్రింట్లు అల్బుమిన్ కాగితం మీద, అంటే గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద తీసేవారు. బంగారు లవణాలతో ఛాయ దిద్దిన వాటి నలుపు ఊదా గోధుమల మధ్య ఉండేది. అటువంటి తాతల నాటి చిత్రాన్ని నేటి తటస్థ బూడిదలో ముద్రిస్తే అది కొత్త వస్తువైపోతుంది. కనిపించే పసుపంతా అసలుదేనని నమ్మితే, కాలం తెచ్చిన మరకనూ అసలు ఛాయగా ముద్రించినట్లవుతుంది. ఈ ముద్రణశాలలో స్కాన్‌ను మార్చకుండా భద్రపరచి, ముదురు భాగాలకు గోధుమ వంపు, లేత భాగాలకు తటస్థ వంపు కలిపి ఒక ప్రింటు, పూర్తి తటస్థంగా మరొకటి తీసి, కుటుంబం ముందు రెండూ పెడతారు. సాధారణంగా ఇంట్లో పెద్దవారు మొదటిదాన్ని, పిల్లలు రెండోదాన్ని ఎంచుకుంటారట.