రచ్చబండను కొనుక్కున్న ఊరు

ఇంగ్లండు ఉత్తరభాగాన, యార్క్‌షైర్‌లోని స్వేల్ నదీలోయకు ఎగువన హడ్స్‌వెల్ అనే చిన్న పల్లె ఉన్నది. ఆ ఊరికి మిగిలిన ఒకే ఒక పబ్బు ‘జార్జ్ అండ్ డ్రాగన్’ 2008లో మూతపడింది. పబ్బును మనవారు ‘పానశాల’ అని అనువదిస్తారు. నేనూ ఒకప్పుడు అలాగే చేశాను. నిజానికి ఆ మాటకు మూలార్థం నలుగురికీ తెరచి ఉంచిన ఇల్లు. మన రచ్చబండ దానికి దగ్గర. బీరు కోసమైతే రెండు మైళ్ళ దూరంలోని రిచ్‌మండ్ పట్టణానికి పోవచ్చును. ఇరుగుపొరుగుల మంచిచెడ్డల కోసం ఎక్కడికి పోతారు? కారు నడపలేని వృద్ధుల గతి ఏమిటి?

గ్రామస్థులు సహకార సంఘంగా ఏర్పడి, వాటాలు పోగుచేసి, 2010లో ఆ భవనాన్నే కొనివేశారు. అదే కప్పు క్రింద చిన్న గ్రంథాలయం వెలసింది. వెనుక స్థలంలో కూరగాయల మడులు ఏర్పడ్డాయి. ఒక బుల్లి కిరాణా కొట్టూ తెరచి, జీతం పుచ్చుకోకుండా ఊరివారే నడపసాగారు. మంచి బీరు కోసం ఉద్యమించే ‘కామ్రా’ సంస్థ 2016 సంవత్సరానికి దేశంలోకెల్లా ఉత్తమ పబ్బుగా దీనిని ఎంపిక చేసింది.

బహుమతి సంగతి అటుంచితే, నా మనసు నిలిచినది ఆ కొట్టు మీదనే. అటువంటి చోటికి రోజూ పాలకు వచ్చే ముసలమ్మ ఒకనాడు రాకపోతే, ఏమైనదోనని ఎవరో ఒకరు పోయి తలుపు తడతారు.