బొగ్గు ఊళ్లో జపాన్ కుంచెలు

రాజీవ్ రహదారి మీద కరీంనగర్, పెద్దపల్లి దాటి వస్తుంటే మా ఊరి కంటే ముందు ఎన్టీపీసీ పొగగొట్టాలు కనబడతాయి. 2,600 మెగావాట్ల కరెంటు పుట్టే చోటు అది. ఆ తర్వాత రామగుండం, ఇంకొంచెం పోతే గోదావరిఖని. బయటోళ్లకు ఈ పేరు వింటే బొగ్గు, దుమ్ము, ఎండ గుర్తొస్తాయి. మాకు లక్ష్మీనగర్ గుర్తొస్తుంది. దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ పడ్డాయంటే ఆ బజార్ల కాలు పెట్టే సందుండదు. చీరెలు, బంగారం, గాజులు, ఆ పక్కనే మేకప్ సామాను.

బొగ్గు ఊళ్లో మేకప్ ఏంటి అని నవ్వకండి. మార్కండేయ కాలనీ నుంచి చౌరస్తా దాకా నడుస్తూ బ్యూటీ పార్లర్ బోర్డులు లెక్కపెడదామనుకున్నాను. ముప్పై దగ్గర విసుగొచ్చి మానేశాను. ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చినోళ్లకు సబ్బుతో ఎంత రుద్దినా కనురెప్పల అంచున నల్ల గీత మిగులుతుంది. అచ్చం కాటుక పెట్టినట్టే. మా చిన్నాయనకు ముప్పై ఎనిమిదేండ్ల సంది ఆ కాటుక ఉంది.

ఈసారి నేను వచ్చింది ఆయన బిడ్డ కోసం. మా చెల్లె సింగరేణి సేవా సమితి శిక్షణలో బ్యూటీషియన్ కోర్సు నేర్చుకుంది. ఏడాదిగా చుట్టాల పెండ్లిళ్లకు, పూల పండుగలకు చేసి చేసి ఇప్పుడు మూడు పెండ్లిపిల్లల ఆర్డర్ తెచ్చుకుంది. అసలు కథ దాని వెనకాల ఉంది. చిన్నాయనకు 61 నిండుతున్నాయి, రిటైర్ అవుతాడు. కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. కిరాయి ఇంట్లోకి మారేలోపు చెల్లె పార్లర్ నిలబడాలె. దీపావళి బోనస్‌లోంచి ఇరవై వేలు తీసి దాని చేతిలో పెట్టాడు. "గివే, ఇంక లేవు బిడ్డా" అని కూడా చెప్పాడు.

ఆ ఇరవై వేలతో జపాన్ బ్రష్‌లు కొంటానని అది నాకు ఫోన్ చేసింది. చిన్నమ్మ వెనక నుంచి "కుంచెకు నాలుగు వేలా, ఏమన్న సోయి ఉందా" అంటున్నది. ఇద్దరిలో ఎవరి మాట నిలబెట్టాలో చూద్దామని, అయిదేండ్లుగా వాడుతున్న నా జపాన్ బ్రష్‌లు నాలుగు సంచిలో వేసుకుని వచ్చాను.

జపాన్ బ్రష్ అనగానే ముందు తెలుసుకోవాల్సిన పేరు కుమానో. హిరోషిమా నగరం పక్కన కొండల నడుమ ఉన్న చిన్న పట్టణం. జనాభా పాతిక వేల లోపే, అంటే మన గోదావరిఖనిలో ఓ మూలకు సరిపోతుంది. కానీ జపాన్‌లో తయారయ్యే బ్రష్‌లలో దాదాపు 80 శాతం అక్కడివే. ఒకప్పుడు ఆ ఊళ్లో సాగుకు భూమి చాలక, రైతులు పనుల్లేని కాలంలో వేరే ప్రాంతాలకు పోయి, వచ్చేటప్పుడు రాతకుంచెలు, సిరా కొనుక్కొచ్చి అమ్మేవాళ్లు. అట్ల అమ్మి అమ్మి, 19వ శతాబ్దంలో తామే చెయ్యడం నేర్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బడుల్లో కుంచెరాత పాఠం తీసేశారు. రాతకుంచెలకు గిరాకీ పడిపోయింది. అప్పుడు ఆ చేతులే బొమ్మల కుంచెల వైపు, మేకప్ బ్రష్‌ల వైపు తిరిగాయి. హకుహోడో, చికుహోడో, కోయుడో లాంటి పేర్లు మీరు రీల్స్‌లో వినే ఉంటారు. అవన్నీ ఈ ఊరివే. 2011లో జపాన్ అమ్మాయిలు ఫుట్‌బాల్ ప్రపంచ కప్ గెలిస్తే, అక్కడి ప్రభుత్వం జాతీయ గౌరవంతో పాటు ఇచ్చిన కానుక కుమానో మేకప్ బ్రష్‌ల సెట్టు.

ఈ సంగతి చెప్తుంటే చిన్నాయన టీవీ సౌండ్ తగ్గించాడు. ఆయన చేరిన కొత్తల్లో, 1990ల మొదట్లో, సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవాళ్లు. ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. "బడిల పాఠం తీసేస్తే ఊరు ఖాళీ కాలేదన్నట్టు" అన్నాడు, అంతే. మళ్లీ సౌండ్ పెంచాడు.

జపాన్‌లో కూడా బొగ్గు బాయిలు ఉండేవి. చికుహో అనే ప్రాంతం వాటికి పేరు పొందింది. అక్కడ చిన్నప్పటి నుంచి బాయి పని చేసిన యమమోతో సకుబే అనే ఆయన అరవై దాటాక కుంచె పట్టి, బాయి లోపలి బతుకునంతా బొమ్మలు గీశాడు. మనవలకు చూపిద్దామని మొదలుపెట్టినవి అవి. వీపు మీద బొగ్గు లాగే ఆడవాళ్లు, దీపాలు, ప్రమాదాలు అన్నీ ఉంటాయి. 2011లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. జపాన్ నుంచి ఆ జాబితాకెక్కిన మొదటివి అవే. ఫోన్లో ఆ బొమ్మలు చూపిస్తే చిన్నాయన ఒక్కొక్కటి పెద్దగ చేసి చూశాడు. "ఈ తట్ట మన తట్టనే" అన్నాడు.

సరే, బ్రష్ సంగతికొద్దాం.

చెల్లె దగ్గర ఇదివరకే ఒక సెట్టు ఉంది. ఆన్‌లైన్‌లో "జపనీస్" అని రాసి 899 రూపాయలకు 24 ముక్కలు అమ్మితే కొన్నది. మొదటి ఆర్డర్‌లోనే పెండ్లిపిల్ల చెంప మీద వెంట్రుకలు రాలాయి. తల్లో అల్లిన జాజులు సర్దుతున్నట్టు నటిస్తూ ఒక్కొక్కటి ఏరిందట. తర్వాత కడిగితే నల్ల నీళ్లు కారాయి.

నా బ్రష్ ఒకటి, దాని బ్రష్ ఒకటి కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టాం. తేడా కొసలో ఉంది. అసలైన కుమానో బ్రష్‌లో వెంట్రుక కొసను కత్తిరించరు. కోమా అనే చెక్క అచ్చులో వెంట్రుకలు వేసి, తడుతూ తడుతూ గుండ్రమో, మొగ్గలాగానో ఆకారం తెస్తారు. తలకిందులైన వెంట్రుకలు, కొస విరిగినవి చేత్తో ఏరేస్తారు. కాబట్టి ప్రతి వెంట్రుకా పుట్టినప్పటి సన్నటి కొసతోనే ఉంటుంది. అందుకే గుచ్చుకోదు. చవక బ్రష్‌లో గుత్తిగా కట్టి, కత్తెరతో ఆకారం కోస్తారు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే కొసలు మొండిగా, కోసిన గడ్డిలా కనిపిస్తాయి. పై పెదవి మీద, ముక్కు పక్కన ఆనించి చూడండి. అరచేతికి తెలియని గరుకు అక్కడ తెలిసిపోతుంది.

ఇంకో రెండు చిన్న పరీక్షలు. కుచ్చును వేలితో వత్తి వదిలితే మళ్లీ తన ఆకారానికి రావాలె. పిడిని ఒక చేత్తో, వెంట్రుకలు పట్టిన లోహపు గొట్టాన్ని ఇంకో చేత్తో పట్టి మెల్లగా తిప్పితే కదలకూడదు. ఈ రెండోది చిన్నాయనే చేశాడు, ఎవరూ చెప్పకుండానే. ఒకప్పుడు కోల్ ఫిల్లర్‌గా తట్టా చెమ్మస్ మోసిన మనిషి. నా బ్రష్‌ను వేలి మీద అడ్డంగా ఆనించి బరువు ఎటు తూగుతుందో చూశాడు. "పిడి మంచిగుంది. మా చెమ్మస్ ఎవనిది వానికే ఉండేది, ఇంకోనిది పట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కు" అన్నాడు. చిన్నమ్మ వైపు సగం కేసు అప్పుడే ఓడిపోయింది.

మిగతా సగం మాత్రం చిన్నమ్మే గెలిచింది. జపాన్ బ్రష్‌లలో అందరూ మురిసిపోయేది బూడిద రంగు ఉడుత వెంట్రుక. నిజంగానే గాలి తాకినట్టుంటుంది. అది ఉడుతది అని నేను అన్నానో లేదో, చిన్నమ్మ చేతిలోది మంచం మీద పెట్టేసింది. "రాముడు వీపు నిమిరిన జీవం బొచ్చుతోని పెండ్లిపిల్లకు రంగు పూస్తరా?" రామునిగుండాలున్న ఊళ్లో ఆ మాటకు ఎదురు చెప్పేదెవరు. ఉడుత, వీజిల్ వెంట్రుకలు బొచ్చు వ్యాపారంలోంచే వస్తాయి, అది నిజమే. మన దేశంలో ముంగిస వెంట్రుకల కుంచెలైతే చట్టరీత్యా నేరం కూడా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముంగిసకు రక్షణ ఉంది, ఎవరైనా చాటుగా అమ్మినా కొనకండి.

దేవుడి సంగతి పక్కన పెట్టినా, చెల్లె పనికి ఉడుత పనికిరాదు. అది రంగును చాలా తక్కువగా, పలచగా అంటిస్తుంది. తెల్లటి చర్మం మీద ముద్దుగానే ఉంటుంది కానీ, మన చామనఛాయ మీద, అదీ ఫోటో లైట్ల కింద, బ్లష్ వేసినట్టే కనిపించదు. పైగా ఒక్కో పెండ్లిపిల్ల తర్వాత బ్రష్ కడగాల్సిందే. అన్ని కడుగుళ్లకు ఉడుత తట్టుకోదు. మేక వెంట్రుక అట్ల కాదు. గట్టిది, రంగును బాగా పట్టుకుంటుంది, బాగా వదుల్తుంది. మేకలోనూ రకాలున్నాయి. సైకోహో అనేది అన్నిటికంటే మెత్తనిది, ఖరీదు. సోకోహో ఒక మెట్టు కింద. నన్నడిగితే పార్లర్‌కు సోకోహో చాలు. ఇంట్లో ఒక్కరే వాడుకునేటట్టయితే సైకోహో కొనుక్కుని గారాబం చేసుకోండి.

కండ్లకు లెక్క వేరే. ఐషాడో రెండు రంగుల నడుమ గీత కనబడకుండా కలపాలంటే చిన్న, గుండ్రటి మేక బ్రష్. రెప్ప మీద రంగు గట్టిగా అద్దాలంటే గుర్రం వెంట్రుకల బల్లపరుపు బ్రష్, దానికి కొంచెం బిగువు ఉంటుంది. జెల్ కాటుకకు, ఐలైనర్‌కు సింథటిక్ చాలు. తడి రంగుకు జంతువు వెంట్రుక అవసరమే లేదు.

చెల్లె ఎక్కువ గొడవపడింది ఫౌండేషన్ బ్రష్ దగ్గర. జపాన్‌దే కావాలట. మే నెల పెండ్లిళ్లంటే ఇక్కడ 45 డిగ్రీలు. చెమటకు ఆగాలని క్రీమ్, లిక్విడ్, వాటర్‌ప్రూఫ్ సామానే వాడతారు. ఆ జిడ్డును మేక వెంట్రుక తాగేస్తుంది. దాన్ని పోగొట్టాలంటే గట్టి సబ్బు పెట్టాలె, పెడితే బ్రష్ పాడవుతుంది. కాబట్టి ముఖానికి తడి పని చేసేవన్నీ సింథటిక్. మన లక్ష్మీనగర్‌లోనే నాలుగైదు వందలకు పనికొచ్చేవి దొరుకుతాయి, చేత్తో ముట్టుకుని చూసి కొనుక్కోవచ్చు. జపాన్ డబ్బు పొడి పనికి, కండ్లకు మాత్రమే.

ఇంకో మాట, దుమ్ము గురించి. ఓపెన్‌కాస్ట్ దగ్గర కాలనీల్లో పొద్దున తుడిచిన గచ్చు సాయంత్రానికి మళ్లీ నల్లబడుతుంది. రీల్స్‌లో చూపించినట్టు గ్లాసులో బ్రష్‌లు నిలబెట్టి షోకు చేస్తే, వారానికి ఆ తెల్ల మేక వెంట్రుక బొగ్గు ట్రక్కు తోలినట్టయితది. మూత ఉన్న డబ్బా కొనండి. కడిగేటప్పుడు పిల్లల షాంపూ ఒక చుక్క, కొసలు కిందికి, నీళ్లు లోహపు గొట్టంలోకి ఎక్కకుండా. లోపల జిగురు నానితే వెంట్రుకలు ఊడతాయి. ఎండలో కాదు, నీడలో, టవల్ మీద పడుకోబెట్టి ఆరబెట్టాలె. మందపాటి బ్రష్ ఆరడానికి ఒక రాత్రి పైనే పడుతుంది. అందుకే ఒకే రోజు ఇద్దరు పెండ్లిపిల్లలుంటే కంటి బ్రష్ ఒకటి సరిపోదు, అలాంటివే రెండు ఉండాలె. పది రకాల బ్రష్‌ల సెట్టు కంటే ఒకే రకం రెండు మేలు అని నేనన్నప్పుడు చెల్లె మొహం చిన్నబోయింది. సెట్టు పెట్టె చాలా అందంగా ఉంటుంది మరి.

రాత్రి చిన్నాయన సెకండ్ షిఫ్ట్‌కు పోయినంక కూర్చుని ఆర్డర్ పెట్టాం. విదేశాలకు పంపే జపాన్ దుకాణం సైట్‌లో చెంపలకు సోకోహో మేక బ్రష్ ఒకటి, కంటికి గుండ్రటి మేక బ్రష్‌లు రెండు, గుర్రం బ్రష్ ఒకటి. మొత్తం నాలుగు. యెన్లలో చూస్తే తక్కువే అనిపిస్తుంది. పంపే ఖర్చు, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలిపితే పదమూడు వేల పైచిలుకు తేలింది. మీరూ కొనేటట్టయితే ఆ మూడూ కలిపాకే ధర అనుకోండి. అట్లాగే కుమానో ఫుడే అనే ముద్ర ఆ ఊరి తయారీదారుల సంఘానిది. ముద్ర లేకుండా "జపాన్ స్టైల్" అని రాస్తే అది స్టైలే, జపాన్ కాదు.

మిగిలిన దాంట్లో సింథటిక్‌లు ఆరు, మూత డబ్బా, ఒక తెల్ల లైటు వచ్చాయి. చిన్నమ్మ లెక్క రాసిన కాగితం మడిచి దేవుడి పటం వెనక పెట్టింది.

పార్సిల్ పదకొండో రోజు వచ్చిందని చెల్లె ఫోటో పెట్టింది. ఆ ఆదివారం యైటింక్లయిన్ కాలనీ పెండ్లిపిల్ల ట్రయల్‌కు వచ్చింది. కండ్లు మూసుకుని కూర్చున్న ఆ పిల్ల చెంప మీద కొత్త బ్రష్ తిరుగుతుంటే, "అక్కా, మొదలుపెట్టినవా ఇంకా?" అని అడిగిందట. పక్కన నిలబడ్డ ఆ పిల్ల వాళ్ల అమ్మ అప్పటికప్పుడు వెయ్యి రూపాయలు అడ్వాన్స్ ఇచ్చి, రిసెప్షన్‌కు కూడా నువ్వే రావాలన్నది. క్వార్టర్ ఖాళీ చెయ్యడానికి ఇంకా రెండు నెలలుంది. గాంధీనగర్‌లో ముందుగది ఉన్న ఇల్లు ఒకటి చూసి వచ్చారు, కిరాయి మాట్లాడుతున్నారు.